గుండీ మీదికి వచ్చిన చట్టం

ఆ వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. చలికోటు జిప్పు సగంలో ఇరుక్కుని మొరాయించినా, బడిసంచి నోరు తెరిచి మూయనన్నా, ప్రయాణానికి ముందురోజు సూట్‌కేసు చేతులెత్తేసినా, "జిప్పులమ్మ దగ్గరికి పట్టుకెళ్ళు" అనేవారు. ప్యాంట్ల అంచులు మడవడం, వదులు నడుములు బిగించడం, బిగుతువి వదులు చేయడం కూడా ఆమె చేసేదే. అయినా లోకానికి అంత ఓపికెక్కడిది? మనిషి చేసే పనుల్లో ఒకటి చూసి పేరు తగిలించేస్తుంది. మొదట్లో ఆ పేరు వింటే ఆమెకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత ఎవరైనా సొంత పేరు పెట్టి పిలిస్తే బ్యాంకు వాళ్ళేమోనని కంగారుపడేది.

కొట్టంటే ఇంటి ముందు గదే. కిటికీ పక్కన కరెంటు కుట్టుమిషను, దాని ముందు గుండ్రటి స్టూలు, గోడకి దారపు ఉండలు, అరల్లో సీసాల నిండా గుండీలు. గదికి ఆ చివర ఇస్త్రీ బల్ల. అక్కడ రాజ్యం ఆడపడుచుది. మొగుడితో పొసగక అన్నగారింటికి వచ్చేసిన మనిషి. నోటికి తాళం లేదు గాని, ఆమె చేతి ఇస్త్రీలో ఒక్క మడత పక్కకి పోదు. ఇక ఆ అన్నగారు, అంటే జిప్పులమ్మ మొగుడు, సరుకు లారీ తోలతాడు. వారంలో సగం రోజులు ఏ ఊరి గోదాము ముందో పడిగాపులు కాస్తుంటాడు.

ఇంట్లో వాళ్ళకి తప్ప బయట ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. జిప్పులమ్మకు సరిగ్గా వినిపించదు. చిన్నతనంలోనే బట్టల ఫ్యాక్టరీలో చేరింది. వరసలు వరసలుగా మిషన్లు దడదడలాడే షెడ్డులో ఏళ్ళ తరబడి కూర్చుని కుట్టింది. ఆ మోత చెవులను కొద్దికొద్దిగా తినేసింది. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి సగం, గొంతు విని సగం అర్థం చేసుకునేది. మిషను నడుస్తున్నప్పుడు మాత్రం నెత్తిన పిడుగు పడ్డా తెలియదు.

దాన్ని ఎందుకంత దాచుకోవడం అంటే, ఆమె కళ్ళారా చూసిన కథ ఒకటుంది. ఫ్యాక్టరీ మానేశాక ఒక టైలరు మాస్టరు దగ్గర పని చేసింది. ఆయన కత్తెర పట్టాడంటే గుడ్డ దానంతటదే తెగి పడుతుందా అన్నట్టుండేది. వయసు మీద పడి చెముడు వచ్చింది. వచ్చినవాళ్ళు మొదట ఆయనతో అరిచి మాట్లాడారు. తర్వాత ఆయన ఎదురుగా ఉండగానే, ఆయన తల మీదుగా, వెనక కూర్చున్న ఈమెతో మాట్లాడారు. ఆ తర్వాత రావడమే మానేశారు. తన తల మీదుగా ఒక్కరు కూడా మాట్లాడకూడదని జిప్పులమ్మ ఆనాడే ఒట్టు పెట్టుకుంది. చెవిలో పెట్టుకునే మిషను కొంటానని మొగుడు ఎన్నోసార్లు బతిమాలాడు. "నా చెవి నా ఇష్టం" అని నోరు మూయించేది.

అలాంటి కొంపలోకి గుండీ వచ్చాడు. ఏదో ఊళ్ళో సరుకు దించుతుంటే లారీ టార్పాలిన్ మడతల్లోంచి పిల్లకుక్క కుయ్యోమంటూ బయటపడింది. మొగుడు దాన్ని చొక్కాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. వాడి తల్లిని చూసినవాడు లేడు, తండ్రి ఎవరో ఆ తల్లికే తెలియాలి. ముక్కు కోటు గుండీలా నల్లగా, గుండ్రంగా ఉందని ఆ పేరు పెట్టారు. పిల్లప్పుడు ముద్దుగానే ఉన్నాడు. పెరిగేకొద్దీ తల వెడల్పయింది, దవడలు బరువెక్కాయి, రొమ్ము విరిసింది, ఒంటి మీద చారలు తేలాయి. ఎరగని వాళ్ళు చూస్తే జడుసుకోవాల్సిందే. ఆ ఆకారం లోపల ఉన్నది మాత్రం ఇస్త్రీపెట్టె బుస్సుమంటే బల్ల కిందికి దూరే ప్రాణం.

వాడికి పిల్లప్పుడే ఒక పాఠం అయింది. మిషను మీంచి వేలాడే గుడ్డల్ని పట్టుకుని లాగేవాడు. కుట్టేవాళ్ళింట్లో అంతకన్నా పెద్ద నేరం ఉంటుందా? పంటి గాటు పడిన ప్రతిసారీ జిప్పులమ్మ వాడి మూతి మీద ఒకటి అంటించి, "మెల్లిగా" అని నేర్పింది. చివరికి వాడు పట్టు గుడ్డని కూడా పెదాలతో పట్టి, తడి అంటకుండా వదలడం నేర్చుకున్నాడు. ఆ తర్వాతి చదువు ఎవరూ చెప్పింది కాదు. గుమ్మంలో ఎవరైనా నిలబడితే వాడే లేచి వచ్చి, ఆమె పని చేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్ అంచు పెదాలతో పట్టి ఒక్కసారి లాగేవాడు. ఆమె మిషను ఆపి, తలెత్తి, "రండి రండి" అనేది. టీ గిన్నె పొంగుతున్నా అంతే, లాగేవాడు. వచ్చినవాళ్ళకి ఆమె చెవులు పాముచెవులని పేరు. ఆ చెవులు కింద పడుకుని తోకాడిస్తున్నాయని ఎవరికి తెలుసు?

చట్టం అప్పుడొచ్చింది. ఎక్కడో పెద్ద ఊళ్ళో ఒక కుక్క ఒక పసివాణ్ణి చీల్చేసింది. ఆ వార్త చూసి జిప్పులమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు. భయపడాల్సిన సంగతే, కాదన్నవాళ్ళు లేరు. కానీ భయపడ్డ పెద్దమనుషులు చేసిన పని ఏమిటంటే, ఒక బల్ల చుట్టూ కూర్చుని కుక్క జాతుల జాబితా ఒకటి రాశారు. ఆ జాతులు ఊళ్ళో ఉండకూడదు. ఇప్పటికే ఉన్నవి పరీక్షలో నెగ్గాలి. నెగ్గకపోతే మునిసిపాలిటీ షెడ్డుకి అప్పగించాలి, లేదా ఊరి పొలిమేర దాటించాలి. షెడ్డులోకి వెళ్ళిన కుక్క తిరిగి రాదని అందరికీ తెలుసు. ఇంతా రాసి చివర్న ఒక మాట చేర్చారు. ఆ జాతులను పోలిన కుక్కలు కూడా అన్నారు. పోలిక చూసేదెవరో, ఏం చూసి చెబుతారో రాయలేదు. ఇంత పనికిమాలిన మాట రాయడానికి అంతమంది ఎందుకు కూర్చున్నారో నాకు ఇప్పటికీ అంతు పట్టదు. మందుల షాపాయన బొచ్చుకుక్క వీధిలో సగం మంది పిక్కలు రుచి చూసింది. సంచీలో పట్టే కుక్క కాబట్టి దాని జోలికి ఎవరూ పోలేదు.

పోలిక చూడ్డానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, ముఖాన నిద్రలేమి, చేతిలో కాగితాలు బిగించిన అట్ట. గుండీని పక్కనుంచి ఒక ఫోటో, ఎదురుగా ఒక ఫోటో తీశాడు.

"ఏ జాతి?" అన్నాడు.

"జాతేముందండీ, లారీలో దొరికాడు" అంది జిప్పులమ్మ.

"తండ్రి ఏ జాతి?"

ఇస్త్రీ బల్ల దగ్గరనుంచి ఆడపడుచు ఊరుకోలేదు. "మా అన్నయ్య పెళ్ళి సంబంధానికి కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు సార్. కుక్క తండ్రిని ఎక్కడినుంచి తెమ్మంటారు?"

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. పాపం అతనికి నవ్వే అధికారం ఇచ్చినట్టు లేదు. "పోలిక ఉందమ్మా. పరీక్ష పెట్టాలి. పరీక్ష అయ్యేదాకా మూతికి చిక్కం కట్టి ఉంచండి. కొట్టుకి జనం వస్తారు కాబట్టి ఇంట్లో కూడా తియ్యకూడదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

చిక్కం కట్టారు. తీగలతో అల్లిన బుట్ట లాంటిది, మూతికి తొడిగి మెడ వెనక పట్టీ బిగించారు. గుండీ రోజంతా దాన్ని నేలకేసి రాసి రాసి అలిసిపోయాడు. వాడి సంగతి అలా ఉంచితే, కొట్టు సంగతి చెప్పాలి. బేకరీ ఆవిడ గుమ్మంలో నిలబడి పిలిచి పిలిచి, లోపల మనిషి తలెత్తకపోవడం చూసి, "నాలుగు జిప్పులు వెయ్యగానే ఇంత పొగరా" అని వీధంతా చెప్పుకుంటూ పోయింది. టీ గిన్నె మాడి నల్లబడింది. ఆడపడుచు ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి బయటికి వెళ్ళిన పూటల్లా ఎవరో ఒకరు వచ్చి వెనక్కి వెళ్ళేవారు. గుండీ మాత్రం మానలేదు. గుమ్మంలో నీడ పడగానే లేచేవాడు, వచ్చి ఏప్రన్ పట్టబోయేవాడు, తీగల బుట్ట స్టూలు కాలికి తగిలి ఆగిపోయేవాడు. అలా ఆగి ఆమె ముఖంలోకి చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చేది, ఏడుపు వెనకే కోపమొచ్చేది. ఆ కోపం ఎవరిమీద చూపించాలో తెలియక ప్యాంటు గుడ్డ మీద చూపించేది.

"వదినా, ఆ సూదులు విరగ్గొట్టుకోకు. పరీక్ష కానీ. మనవాడు నెగ్గకపోతే ఇంక నెగ్గేదెవడు?" అనేది ఆడపడుచు.

పరీక్ష కుక్క ఉండే చోటే జరగాలట. ఇన్‌స్పెక్టరు పొద్దున్నే వచ్చాడు. కిటికీ బయట వీధి సగం చేరింది. జిప్పులమ్మ చిక్కం విప్పింది. ఇన్‌స్పెక్టరు గుండీ తింటున్న గిన్నె లాగేశాడు. గుండీ ఇంకో గిన్నె వస్తుందేమోనని కూర్చున్నాడు. ముఖం మీద గొడుగు టప్పున తెరిచాడు. గుండీ తల తిప్పుకున్నాడు. రేకు డబ్బా నేలకేసి కొట్టాడు. గుండీ ఆడపడుచు కాళ్ళ దగ్గరికి పోయి నిలబడ్డాడు. తోక పట్టుకుని లాగాడు. గుండీ వెనక్కి తిరిగి, ఎందుకయ్యా అన్నట్టు అతని చెయ్యి వాసన చూశాడు. కిటికీ బయట ఎవరో చప్పట్లు కొట్టారు.

ఇన్‌స్పెక్టరు ముఖం కూడా కాస్త తేలికపడింది. "బాగానే ఉందమ్మా. ఇవన్నీ రాసుకోవాలి, ఎక్కడైనా కూర్చోవచ్చా?" అన్నాడు.

కుర్చీల మీద బట్టలు గుట్టలుగా ఉన్నాయి. కుక్క గండం గట్టెక్కిన సంతోషంలో జిప్పులమ్మ తన స్టూలునే ఏప్రన్‌తో తుడిచి, "ఇక్కడ కూర్చోండి బాబూ" అంది. మర్యాద కొంప ముంచుతుందని అప్పుడు ఆమెకు తోచలేదు. ఆడపడుచుకూ తోచలేదు. ఇద్దరూ టీ కప్పుల కోసం వెనక గదిలోకి వెళ్ళారు.

సరిగ్గా అప్పుడే బేకరీ ఆవిడ తన కోటు తీసుకుపోదామని గుమ్మంలోకి వచ్చింది. ఇన్‌స్పెక్టరు వీపు గుమ్మం వైపు ఉంది. గుండీ చూశాడు. ఎన్నాళ్ళకో మూతి ఖాళీగా ఉంది, గుమ్మంలో మనిషి ఉంది, స్టూలు మీద కూర్చున్నవాళ్ళు తల ఎత్తడం లేదు. వాడికి తెలిసిన ఉద్యోగం అదొక్కటే. లేచి వెళ్ళి, ఇన్‌స్పెక్టరు ప్యాంటు అంచు పెదాలతో పట్టుకుని ఒక్కసారి లాగాడు.

ఆ మనిషి కెవ్వున లేచాడు. స్టూలు బోర్లా పడింది, గుండీల సీసా ఒకటి పగిలి గదంతా చిమ్మింది. "కరిచింది! కరిచింది!" అంటూ ఇస్త్రీ బల్ల మీదికి ఎక్కినంత పని చేశాడు.

జిప్పులమ్మ పరుగున వచ్చి గుండీ మెడ పట్టుకుంది. ఆడపడుచు అతని ప్యాంటు అంచు వంగి చూసింది. గాటు లేదు, చిరుగు లేదు, తడి కూడా లేదు.

"ఎక్కడ కరిచాడు సార్? చూపించండి" అంది.

"పట్టుకుని లాగిందమ్మా! వెనకనుంచి వచ్చి లాగింది! అది దాడి కాకపోతే ఏంటి?"

"అది పిలవడం బాబూ" అంది జిప్పులమ్మ. "గుమ్మంలో ఎవరో వచ్చారని చెప్పాడు."

"నాకెందుకు చెప్పడం?"

"మీకని కాదు. ఆ స్టూలు మీద కూర్చున్నవాళ్ళకి చెప్తాడు."

"ఏం? అక్కడ కూర్చున్నవాళ్ళకి వినపడదా?"

కిటికీ బయట వీధి ఉంది. గుమ్మంలో బేకరీ ఆవిడ ఉంది. ఆడపడుచు కళ్ళతోనే వద్దంది. జిప్పులమ్మ గుండీ తల మీద చెయ్యి వేసి, "వినపడదు" అంది. "నాకు వినపడదు. చాలా ఏళ్ళుగా వినపడదు. మీ పెదాలు చూసి మాట్లాడుతున్నాను. మిషను మీదుంటే మనిషి వచ్చింది తెలీదు. వీడే చెప్తాడు. వీడు లేకపోతే నాకు కొట్టు లేదు."

ఇన్‌స్పెక్టరు చేతిలో అట్ట కిందికి దించాడు. అతను కరుడుగట్టినవాడేం కాదు, అదే ఇంకా కడుపు మండే సంగతి. గొంతు తగ్గించి, ఆమెకు కనపడేలా ముఖం ఎదురుగా పెట్టి మరీ చెప్పాడు. "మీరీ మాట చెప్పకుండా ఉండాల్సిందమ్మా. ఇప్పుడు నేను రాయక తప్పదు. కుక్క గుర్రుమన్నా మీకు తెలీదు. ఎవరైనా కేకేసినా తెలీదు. అలాంటి మనిషి ఇలాంటి కుక్కని అదుపులో ఉంచగలరని నేను సంతకం ఎలా పెట్టను?"

కాపాడటానికి నోరు విప్పిన మాటే మెడకి చుట్టుకుంది. జిప్పులమ్మకు అతని పెదాలు కనపడుతూనే ఉన్నాయి, అర్థం మాత్రం కాసేపటికి గాని లోపలికి దిగలేదు. కింద చెల్లాచెదరుగా పడిన గుండీలు ఏరడం మొదలుపెట్టింది. కళ్ళనిండా నీళ్ళుండటంతో గాజుముక్క కూడా ఏరి వేలు కోసుకుంది.

మర్నాటినుంచి వీధి మారిపోయింది. జాలి అని వాళ్ళు అనుకున్నారు గాని, ఒక్కొక్కరు గుమ్మంలోంచే గావుకేకలు పెట్టేవారు. వేళ్ళు ఆడించి చూపించేవారు. ఎన్నో ఏళ్ళుగా నడుము కొలత ఎంతో ఆమెకే చెప్పిన మనుషులు ఇప్పుడు ఇస్త్రీ బల్ల వైపు తిరిగి, "మీ వదినగారితో ఈ చేతులు కొంచెం పొట్టి చెయ్యమని చెప్పండి" అనేవారు. ఆడపడుచు ఒంటికాలి మీద లేచేది. "ఆవిడ ఇక్కడే ఉంది కదండీ, కళ్ళు లేవా? ఆవిడకే చెప్పండి!" అని గదిమేది. జిప్పులమ్మకు ఆ గదమాయింపూ కనపడేది. ఏ గోతిలో పడకూడదని ఇన్నాళ్ళూ ఒళ్ళు దగ్గర పెట్టుకుందో ఆ గోతిలోనే పడింది. పడినందుకు కుక్కైనా దక్కిందా అంటే అదీ లేదు.

మొగుడు ఊరినుంచి రాగానే ముగ్గురూ మునిసిపాలిటీ ఆఫీసుకి పోయారు. ఈ కిటికీ కాదు ఆ కిటికీ అన్నారు, ఆ కిటికీ భోజనానికి వెళ్ళిందన్నారు. తల ప్రాణం తోకకొచ్చాక పై ఆఫీసరు దొరికింది. చక్కగా మాట్లాడే మనిషి. బల్ల మీద మొక్క కూడా పెట్టుకుంది.

"మీ కేసు చూశాను. బాధగానే ఉంది" అంది. "యజమానికి వినపడకపోవడం ఒక్కటే ఇక్కడ చిక్కు. చెవికి మిషను పెట్టుకోండి. వినపడుతోందని డాక్టరు చేత రాయించుకు రండి. అప్పుడు మళ్ళీ చూద్దాం."

మళ్ళీ చూద్దాం అన్న మాటని పట్టుకుని ముగ్గురూ గాల్లో తేలుతూ ఇంటికొచ్చారు. ఎన్నాళ్ళు బతిమాలినా కాదన్న మనిషి, మర్నాడే చెవుల డాక్టరు ముందు తలొగ్గి కూర్చుంది. దాచుకోవడానికి ఇక ఏం మిగిలింది గనక? చెవి వెనక చిన్న పురుగులా అతుక్కున్న ఆ మిషను లోకాన్నంతా ఒక్కసారిగా ఆమె తలలోకి గుమ్మరించింది. కత్తెర ఇంత మోత చేస్తుందా? కుర్చీ జరిపితే ఇంత కీచుమంటుందా? కుట్టుమిషను వేసేసరికి పళ్ళు జివ్వుమన్నాయి. అన్నిటికన్నా వింత, ఇస్త్రీ బల్ల దగ్గరనుంచి ఆగకుండా ఒక గొణుగుడు.

"ఏమే, ఇన్నేళ్ళూ వెనకనుంచి నన్ను ఇలా తిడుతున్నావా?" అంది జిప్పులమ్మ.

ఆడపడుచు నాలుక్కరుచుకుంది. "తిట్టడం కాదు వదినా, నాలో నేను మాట్లాడుకుంటున్నా."

"నీలో నువ్వు మాట్లాడుకుంటే నా పేరెందుకు వస్తోంది?"

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ చట్టం వచ్చాక ఆ ఇంట్లో వాళ్ళు నవ్వింది అప్పుడే.

డాక్టరు రాసిచ్చాడు. జిప్పులమ్మ మంచి కోటు వేసుకుని, జుట్టు చెవి వెనక్కి దువ్వి, మిషను అందరికీ కనపడేలా, మొగుణ్ణీ ఆడపడుచునీ వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది. పై ఆఫీసరు సంతోషించింది కూడా. "ఇప్పుడు బాగా వినపడుతోందా?" అంది.

"అక్షరం పొల్లు పోకుండా వినపడుతోందండీ."

"మంచిది. కొట్టులోకి ఎవరైనా వస్తే తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

ఆఫీసరు కాగితాలు అటూ ఇటూ తిప్పింది. "చూడండమ్మా, కుక్క ఉండటానికి రెండే దారులు. ఒకటి పరీక్షలో నెగ్గడం. అది ఇన్‌స్పెక్టరు బట్ట పట్టుకుంది కాబట్టి ఆ దారి లేదు. రెండోది, అది లేకపోతే మీకు జరగదు అనే అవసరం. మీకు వినపడదు కాబట్టి ఆ దారిలో ఏమైనా చేద్దామనుకున్నాను. ఇప్పుడు మీకు వినపడుతోంది. మరి కుక్క అవసరం లేదు కదా?"

జిప్పులమ్మ మొగుడు కణతలు నొక్కుకున్నాడు. ఆడపడుచు ఏదో అనబోయింది. జిప్పులమ్మ చెయ్యెత్తి ఆపింది.

"వినపడదు కాబట్టి వాణ్ణి ఉంచుకోకూడదన్నారు. ఇప్పుడు వినపడుతోంది కాబట్టి వాడు అక్కర్లేదంటున్నారు. అమ్మా, మీకు ఎలాంటి చెవులు కావాలో ముందే చెప్తే అవే పెట్టుకుని వచ్చేదాన్ని కదా!"

ఆమె గొంతు ఆమెకే భయంకరంగా వినిపించింది. వరండాలో ఉన్నవాళ్ళు తలుపు దగ్గరికి వచ్చారు. "మీరు పెట్టుకోమంటేనే కదా పెట్టుకున్నాను! కొట్టుకి వచ్చేవాళ్ళ ముందు, వీధి ముందు, నా పరువు నేనే తీసుకున్నాను, వాడి కోసం! వాడు ఎవర్ని కరిచాడు? ఒక్క మనిషిని చూపించండి! గుడ్డ మీద తడి కూడా అంటనివ్వడే, వాణ్ణి మీరు దేన్ని చూసి..." బల్ల మీద మొక్కను విసిరికొట్టాలనిపించింది. మొక్క ఏం చేసిందని?

"మీ బాధ నాకు అర్థమవుతోంది" అంది ఆఫీసరు. అర్థమైనవాళ్ళంతా ఆ మాట తర్వాత ఏమీ చెయ్యరు, ఆమె కూడా చెయ్యలేదు. వారాంతానికల్లా షెడ్డుకైనా అప్పగించాలి, పొలిమేరైనా దాటించాలి అని చెప్పి, తర్వాతి మనిషిని పిలిచింది.

షెడ్డు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. లారీ కంపెనీకి దూరపు ఊళ్ళో ఒక గోదాము ఉంది. అక్కడ ఈ జాబితా గొడవ లేదు. కాపలా ముసలాయన కుక్కని చూసుకుంటానన్నాడు. అదే గుండీ అక్కడ మామూలు కుక్క, ఇక్కడ నేరస్థుడు. మధ్యలో ఉన్నది ఒక రోడ్డు, దాని పక్కన ఊరు పేరు రాసిన బోర్డు.

బయలుదేరే పొద్దున జిప్పులమ్మ తన పాత ఏప్రన్ ఒకటి మడిచి లారీ సీటు మీద పరిచింది. "వర్షంలో బయట కట్టద్దని చెప్పు ఆయనకి. మోత పెద్దగా ఉండే చోట పడుకోబెట్టద్దు" అని మొగుడికి చెప్పిందే చెప్పింది. ఊరు దాటేదాకా చిక్కం తియ్యకూడదు కాబట్టి దాని పట్టీ కింద మెత్తటి గుడ్డ పెట్టి కుట్టింది. గుండీకి లారీ ఎక్కడం సరదాయే. తోకాడిస్తూ ఎక్కాడు. మొగుడు తలుపు వేశాడు. ఆమె కిందే నిలబడిపోవడం చూశాక గాని వాడికి సంగతి అర్థం కాలేదు.

ఇంజను మోతలోంచి మొదట ఏదో కీచుమని వినపడింది. లారీ తలుపేమో అనుకుంది. ఆడపడుచు ముఖం చూశాక తెలిసింది, అది గుండీ గొంతు. చెవులు పోయాక ఇంటికొచ్చిన ప్రాణం వాడు. ఇంట్లో ఇన్నేళ్ళు తిరిగాడు గాని వాడి గొంతు ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ వినలేదు. చెవికి మిషను వచ్చేసరికి, చిక్కం పడ్డ వాడు నోరెత్తడమే మానేశాడు. అంత పెద్ద ఆకారానికి అంత సన్నటి గొంతు. చిన్నపిల్లలు తప్పిపోయినప్పుడు ఏడ్చినట్టు, ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, చిక్కాన్ని కిటికీ అద్దానికేసి కొడుతూ ఏడుస్తున్నాడు.

లారీ కదిలింది. బేకరీ దాటింది. మందుల షాపు దాటింది. ఆ ఏడుపు వీధి పొడుగునా వస్తూనే ఉంది. జిప్పులమ్మ రోడ్డు మధ్యలో నిలబడి, రెండు చేతులూ కోటు జేబుల్లో బిగించి, కదలకుండా వింటోంది.

ఆడపడుచు ఇక చూడలేకపోయింది. దగ్గరికి వచ్చి ఆమె చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చింది. "వదినా, నీకు పుణ్యముంటుంది, ఆ మిషను తీసెయ్యి."

జిప్పులమ్మ ఆ చెయ్యి పట్టుకుని పక్కకి తీసింది.

"ఉండవే" అంది. "వినపడినంతసేపు విననీ."